జాగిర్దారుకు వియ్యంకుడొచ్చిండు

మా రాయమల్లు పెద్దబాపుకు వరుస తెలవకుంటే ముద్ద దిగకపోయేది. మనిషి కనబడితే పేరు అడగడు, ఊరు అడగడు, "నువ్వు మాకు ఏమైతవు?" అని అడుగుతడు. ఎదుటి మనిషి "ఏం కాను" అన్నడనుకో, ఆయన మొఖం ఎండల పెట్టిన తమలపాకు లెక్క వాడిపోయేది. ఇగ ఆ మనిషిని అరుగు మీద కూసోబెట్టి, వాళ్ళ తాత అత్తగారి ఊరు కాడికెల్లి మొదలుపెట్టి, చుట్టుకుంట చుట్టుకుంట వచ్చి యాడ్నో ఓ కాడ ముడేస్తుండె. ముడి పడ్డంక గాని చెంబెడు నీళ్ళు ఇయ్యడు. మంథనిల అందరు ఆయనను వరుసల రాయమల్లు అంటుండె. అన్నోళ్ళను గూడ ఆపి వరుస అడుగుతుండె.

ఒకసారి మా బీరపాదు కాడ దొంగ దొరికిండు. జీతగాళ్ళు కట్టేసి నాలుగు తగిలియ్యబోతుంటే పెద్దబాపు ధోతి ఎగబట్టుకొని ఉరికొచ్చిండు.

"ఆగుండ్రిరా, ఆగుండ్రి. ముందుగాల వరుస తెలవనియ్యుండ్రి."

వాడు గోదావరి అవతలి ఊరోడు. లెక్క తీస్తే బామ్మర్ది వరుస తేలింది. "బామ్మర్ది బావ చేన్ల బీరకాయలు తెంపుకుంటే అది దొంగతనం ఎట్లయితదిరా?" అని వాని తువ్వాల నిండ బీరకాయలు కట్టి పంపిండు. వాడు మల్ల మా దిక్కు రాలే. "దొంగతనానికి పోతే చుట్టరికం అంటగట్టిండ్రు, ఇగ ఆ ఊరికి ఏం మొఖం పెట్టుకొని పోవాలె" అని అందరితోని చెప్పుకొని బాధపడ్డడట.

మనుషులతోని ఆగేది గాదు ఆయన వరుస. బాయి కాడి ఇంజన్ ను అల్లుడు అంటుండె. ఊకెనే అలుగుతది, నూనె పోసి మర్యాద చేస్తే గాని లేవది. పెద్దపల్లి బస్సు మేనత్త. చెప్పిన పొద్దుకు రాదు, వచ్చినంక నిలవది, పోతపోత అందరి మొఖాన ఇంత దుమ్ము కొట్టి పోతది.

మా పెద్దవ్వ లస్మవ్వ తల కొట్టుకుంటుండె. "రేపు ఇంట్లకు పాము వస్తే గూడ నిలబెట్టి వరుస అడుగుతడు గీయన."

"అడగకుంట ఎట్ల కొడ్తమే? అది నీ పుట్టింటి దిక్కుదైతే మల్ల నాకే మాటొస్తది."

మా అవ్వ, బాపు నా చిన్నప్పుడే పోయిండ్రు. నన్ను పెంచి, మంచిర్యాల సంబంధం చూసి పెండ్లి చేసింది పెద్దబాపే. నా పెనిమిటి ఆ ఊరి రైలు టేషన్ల పట్టాలు మార్చే పని చేస్తుండె. ఓ వానకాలం జరమొచ్చి పోయిండు. ఆ సంగతి ఇంకేం రాయను. పెద్దబాపు వచ్చి నన్ను తోల్కపోయిండు.

నా ఎంబడి సింగల్ వచ్చింది. సింగల్ నా పెనిమిటి పెంచిన కుక్క. ఎర్రగ సన్నగ ఉంటది. టేషన్ల సింగల్ చేతుల లెక్క ఒక చెవి లేచి, ఒక చెవి వంగి ఉంటదని ఆ పేరు పెట్టిండు. మేము రైలెక్కితే అదీ ఎక్కింది. దింపితే మల్ల ఎక్కింది. పెద్దపల్లిల బస్సు కండక్టరు గరమయ్యిండు. "మనుషులకే జాగ లేదు, కుక్క ఏంది పెద్దమనిషీ?"

"నాయినా, నువ్వు ఎవలోళ్ళవు?" అన్నడు పెద్దబాపు.

బస్సు ఊరు దాటకముందే ఆ కండక్టరు మాకు తోడల్లుని మేనల్లుడు అయ్యిండు. సింగల్ కు సీటు కింద జాగ దొరికింది. కండక్టరు తన సద్దిలకెల్లి సగం రొట్టె తీసి దానికి పెట్టిండు. నేను కిటికీలకెల్లి చూస్తున్న. జొన్నచేన్లు ఎనుకకు పోతున్నయి, పోతున్నయి, నేను ఉన్నకాన్నే ఉన్న అనిపించింది.

ఇంటికాడ జాగిర్దారు ఉండె. జాగీర్లు పోయి పదేండ్లు దాటింది గని మా జాగిర్దారుకు ఆ కబురు అందలే. ముసలి నల్ల కుక్క అది. అరుగు మీది గోనెపట్ట దాని గద్దె. కొత్తోళ్ళొస్తే ఒక కన్ను తెరిచి చూసి మల్ల మూస్తుండె. మొరుగుడు నౌకర్ల పని అనుకున్నదేమో, ఎన్నడు మొరగకపోయేది.

ఆ జాగిర్దారు సింగల్ ను చూసి లేచింది. లేచుడు చూసి మేమే పరేషాన్ అయినం, అది లేస్తదని ఎవలకు తెలవకపాయె. ఆ లేచుడు లేచుడు సింగల్ మెడ మీద పడ్డది. సింగల్ ఊకుంటదా? రైలింజన్లకే బెదరని కుక్క. నల్లది ఎర్రది కలిసి ఒక ముద్ద అయి వాకిలంత పొర్లినయి. బకీటు నీళ్ళు చల్లితే గాని ఇడిపోలే. తెల్లారి మల్ల అదే. బువ్వ కాడ కొట్లాట, నీడ కాడ కొట్లాట, ఏం లేకుంటే ఏం లేదని కొట్లాట.

ఓ నాడు లస్మవ్వ కుండతోని నీళ్ళు తెస్తుంటే ఆ ముద్ద వచ్చి ఆమె కాళ్ళ సందుల పడ్డది. కుండ పగిలింది. లస్మవ్వ నీళ్ళల్ల కూలబడి, నడుము పట్టుకొని, ఫైసలా చెప్పింది.

"గీ ఇంట్ల ఒక్క కుక్కనే ఉంటది. జాగిర్దారు ముసల్ది, అది యాడికి పోతది? అంగడి నాడు సైకిళ్ళ చాంద్‌పాషా సామాన్లకు పెద్దపల్లి పోతడు. వాళ్ళ బావ మిల్లు కాడ కావలికి కుక్క కావాల్నట. సింగల్ ను పంపుదం."

అన్నదే గని నా దిక్కు చూడలే.

నేను సరే అన్న. గప్పుడు నేను దేనికైనా సరే అంటుంటి. ఇల్లంత నీళ్ళ అడుగున ఉన్నట్టు, మాటలు పైకెల్లి యాడికెల్లో వస్తున్నట్టు ఉండేది. పొయ్యి కాడ కూసుంటే పొద్దు ఎట్ల గూకిందో తెలవకపోయేది. సింగల్ వచ్చి నా చీర కుచ్చిళ్ళ మీద గదువ పెట్టి పండుకునేది. ఆయన చేతి వాసన ఎట్లుంటదో ఆ ఇంట్ల ఇద్దరికే తెలుసు, నాకు, దానికి. అది పోతే నేనొక్కదాన్నే మిగుల్త. గీ మాట ఎవలకు చెప్పలే. ఎట్ల చెప్పాల్నో తెలవలే.

పెద్దబాపు మాత్రం సరే అనలే. "కొట్లాట కుక్కలది గాదే లస్మీ, వరుసది. వాటికి ఒకదానికొకటి ఏమైతయో తెలవది. తెలవకుంటే కరవయా? నేనైనా కరుస్త."

ముందుగాల అన్నదమ్ముల వరుస పెట్టిండు. అన్నదమ్ములు ఒక్క కంచంల తినాల్నని ఒక్క గిన్నెల జొన్నగట్క పోసి నడుమ కూసున్నడు. గట్క గోడకు పడ్డది, గిన్నె దొడ్డిల పడ్డది, పెద్దబాపు ఎనుకకు పడ్డడు.

లోపలికెల్లి లస్మవ్వ, "నువ్వు, మీ తమ్ముడు గట్టు కాడ ఎట్ల కొట్టుకుంటుంటిరో యాది లేదా?" అన్నది.

"అవునే. తప్పు వరుస పెట్టిన."

తెల్లారి బావబామ్మర్దులను చేసిండు. "ఇగ జర పరాచికాలు ఉంటయి, అంతే" అన్నడు. సింగల్ పోయి జాగిర్దారు తోక గుంజింది. "చూసినవా, పరాచికం!" అన్నడు పెద్దబాపు. జాగిర్దారు మర్లవడ్డది. ఈసారి సింగల్ కు ఏం గాలే, నడుమ పోయిన పెద్దబాపు ధోతి మోకాలు దాక చినిగింది. అప్పుడే వాకిట్లకు వచ్చిన చాంద్‌పాషా అది చూసిండు. ఆయన బస్టాండు కాడ సైకిళ్ళు బాగుచేస్తడు.

"అన్నా, నీకు దీనికి ఏం వరుస?"

"ఊకోరా తమ్మీ. బామ్మర్ది జర ముదిరిండు."

ఆ పొద్దుమూకి పెద్దబాపు నా పక్కన వచ్చి కూసున్నడు. మెల్లగ అడిగిండు.

"బిడ్డా నర్మదా, సింగల్ ఎవలది?"

"ఆయనది."

"అంటే ఆ ఇంటి మనిషన్నట్టు."

"మనిషి గాదు పెద్దబాపూ, కుక్క."

"నీకు వరుసలు తెలవయి, ఊకో. జాగిర్దారు ఎవలది? మనది. ఆ ఇంటికి మన ఇంటికి ఏం చుట్టరికం?"

ఆయన తొడ చరిచి లేచిండు.

"వియ్యంకులు! ఓ లస్మీ, ఇంటున్నవా? ఇంటికి వియ్యంకుడు వస్తే మనం బకీట్ల నీళ్ళు చల్లుతున్నం గదనే!"

లస్మవ్వ నడుముకు ఆముదం రాసుకుంట, "చల్లితే చల్లినం, ఇంక నయం గొడ్డలి తియ్యలే" అన్నది.

పెద్దబాపుకు తప్పు యాడుందో దొరికింది. మా దిక్కు పెండ్లంటే ఎదురుకోళ్ళు ఉంటయి. మొగపిల్లగాని తరపోళ్ళు వస్తే ఊరు బయటికి ఎదురు పోవాలె, బుక్కగులాల్ చల్లుకోవాలె, కాళ్ళకు నీళ్ళియ్యాలె, బెల్లం పానకం తాపాలె. గప్పుడే ఊర్లకు తేవాలె. "మనం ఏం చేసినం? పొద్దుగూకినంక ఇంటెన్క దారిలకెల్లి దొంగ లెక్క తెచ్చి, జాగిర్దారు గద్దె ముందట నిలబెట్టినం. ఎవలైనా కరుస్తరు."

ఇంటెన్క దారి మాట నిజమే. మొగడు పోయిన ఆడిది మొదటిసారి పుట్టింటికొస్తే ఎవలి కంట పడకుంట మునిమాపున అట్లనే తెస్తరు. రా అనరు, కూసో అనరు. సింగల్ నా ఎంబడి ఉండెనాయె, అది గూడ అట్లనే వచ్చింది.

"కుక్కలకు ఎదురుకోళ్ళా? ఊరు నవ్వుతది" అన్నది లస్మవ్వ.

"నవ్వనీ. నవ్వేటోళ్ళంత మన చుట్టాలేనాయె."

"అంగడి దాక చూస్త. ఆనాటికి గిట్లనే కొట్టుకుంటే మాత్రం పంపుడే."

ఎదురుకోళ్ళకు ముందు బట్టలు పెట్టుడు ఉంటది గద. జాగిర్దారు గోనెపట్టల ఒక తునక కోసి సింగల్ కు పరిచిండు పెద్దబాపు. సింగల్ దాన్ని వాసన చూసి, ఎనుకకు జరిగి, మల్ల వాసన చూసింది. ఇగ సింగల్ దిక్కుకెల్లి జాగిర్దారుకు బట్ట పెట్టాలె. సింగల్ పండేది నా పెనిమిటి ఖాకీ అంగీ మీద. అంగీ మొత్తం ఇయ్యనీకి నా పాణం ఒప్పలే. కుట్టు ఊడదీసి అంగీ చెయ్యి ఒకటి ఇచ్చిన. పెద్దబాపు దాన్ని రెండు చేతులతోని అందుకొని, పట్టుబట్ట తెచ్చినట్టు తెచ్చి జాగిర్దారు ముందట పెట్టిండు. జాగిర్దారు పగలంత దాన్ని పట్టించుకోలే. పొద్దు వాలంగ చూస్తే దాని మీద గదువ పెట్టి నిద్రపోతుండె.

"బట్టలు ముట్టినయి" అన్నడు పెద్దబాపు, పెండ్లి సగం అయిపోయినట్టు.

ఎదురుకోళ్ళకు గోదావరి ఒడ్డుకు పోయినం. చలికాలం పొద్దు. గోదావరి మీద మంచు లేవలే. నీళ్ళు యాడ, ఇసుక యాడ, ఆకాశం యాడ తెలుస్తలేదు, అంత ఒక్కటే పాల తెలుపు. ఆ తెలుపుల చాకలోళ్ళు బండల మీద బట్టలు కొట్టే సప్పుడు మాత్రం వస్తున్నది. చాంద్‌పాషా జాగిర్దారును తాడుతోని పట్టుకొని ఒక దిక్కు నిలబడ్డడు, పిల్ల తరపు. నేను సింగల్ ను పట్టుకొని ఇంకో దిక్కు, పిల్లగాని తరపు. నడుమ చానా జాగ. ఆ జాగల పెద్దబాపు తెల్ల ధోతి కట్టుకొని, చంకల గులాల్ పొట్లం పెట్టుకొని నిలబడ్డడు.

"ఎదురెదురు రావద్దు. వియ్యంకులు మొదలే మొఖాలు చూసుకోరు. పక్కపక్కకు నడుస్తరు, పంటల సంగతి మాట్లాడుకుంటరు. నడువుండ్రి!"

నడిచినం, ఆ దిక్కు ఒకరు, ఈ దిక్కు ఒకరు. కుక్కలు గుర్రుమన్నయి గని దూరం ఉండెనాయె, గుర్రు అందలే.

"ఏం వియ్యంకుడా, మీ దిక్కు వానలెట్ల?" అని పెద్దబాపు సింగల్ ను చూసి ఒర్రిండు. సింగల్ ఇసుక వాసన చూసుకుంట నడిచింది. "బిడ్డా, పిల్లగాని తరపుకెల్లి నువ్వే చెప్పాలె. వియ్యంకుడు నోరు తెరవకుంటే మేము ఏమనుకోవాలె?"

"మంచిగనే పడ్డయి" అన్న. నా గొంతు నాకే కొత్తగ ఇనిపించింది.

"రైళ్ళు టైముకు వస్తున్నయా?"

"వస్తున్నయి."

అవతలికెల్లి చాంద్‌పాషా, "అమ్మా, జాగిర్దారు సాబ్ అడుగుతుండు, మీ దిక్కు బొక్కలు మంచిగ దొరుకుతయా అని."

"టేషన్ కాడ దొరుకుతయి. మెత్తగ ఉంటయి."

"అట్లనా? సాబ్ కు పండ్లు కదులుతున్నయి. మెత్తటియి అంటే వియ్యం ఖాయం అంటుండు."

చాకలోళ్ళు బట్టలు కొట్టుడు ఆపి చూస్తున్నరు. నడిచినకొద్ది నడుమ జాగ తగ్గింది. గుర్రు గూడ తగ్గింది. జాగిర్దారుకు నడుచుడే ఎక్కువైంది, ఇగ కొట్లాట ఏం చేస్తది. బారెడు దూరానికి రాంగనే పెద్దబాపుకు ఉషారు ఆగలే. పొట్లం ఇప్పి పిడికెడు గులాల్ రెండింటి మీద చల్లిండు.

రెండు ఒక్కసారే తుమ్మినయి. మల్ల తుమ్మినయి. తుమ్మితుమ్మి ఇదిలిచ్చుకొని తాళ్ళు గుంజుకొని నీళ్ళల్ల దుంకినయి. "అన్నా, పాయె! నీళ్ళల్ల కరుసుకుంటయి!" అని చాంద్‌పాషా ఒర్రిండు. మంచుల ఏం కనబడుతలేదు, చలచల నీళ్ళ సప్పుడొక్కటే. కొంచెంసేపటికి ఆ తెలుపులకెల్లి రెండు గులాబి కుక్కలు బయటికొచ్చినయి. నల్లదేదో ఎర్రదేదో తెలుస్తలేదు. వచ్చి పెద్దబాపుకు చెరోదిక్కు నిలబడి ఒళ్ళు దులిపినయి. ఆయన ధోతి, మీసం, అన్ని గులాబి అయినయి.

వియ్యంకులు అలుముకునే తీరు మనుషులల్ల ఒకటుంటది, కుక్కలల్ల ఇంకోటుంటది. అవి తమ తీరుగ, ఎనుకదిక్కు వాసన చూసుకొని, అలుముకున్నట్టు చేసినయి. పెద్దబాపు మర్యాదకు మొఖం అటు తిప్పుకున్నడు.

ఇగ కాళ్ళకు నీళ్ళు. పెద్దబాపు తువ్వాల చుట్టిన ఇత్తడి చెంబు తీసి, సింగల్ కాళ్ళ మీద నాలుగు చుక్కలు చల్లిండు. అయిపోయిందనుకున్న. చెంబు నా దిక్కు తిప్పిండు.

"బిడ్డా, కాళ్ళు ముందుకు పెట్టు."

"నాకెందుకు పెద్దబాపూ?"

"వియ్యంకుని ఎంబడి వచ్చినోళ్ళకు ఇయ్యమా? దూరంకెల్లి వచ్చినవు."

వంగి నా కాళ్ళ మీద పోసిండు. నీళ్ళు వెచ్చగ ఉండె. పానకం గిన్నె నా చేతికిచ్చిండు. తాగిందాక నిలబడ్డడు. తాగినంక, చాకలోళ్ళంత ఇనేటట్టు గట్టిగ, "ఇగ రా బిడ్డా, మన ఇంటికి పోదం" అని పెద్ద పెద్ద అడుగులేసుకుంట ముందు నడిచిండు. మొఖం కనబడనియ్యలే.

చాంద్‌పాషా నా పక్కకొచ్చి మెల్లగ అన్నడు. "కుక్కకు ఎచ్చటి నీళ్ళెందుకమ్మా? తెల్లారకముందే లస్మక్క లేచి కాగబెట్టింది, నేను చూసిన." నాలుగడుగులేసి, "నాకు గూడ గిట్లనే చేసిండు. మా అమ్మీ పోయిన ఏడు, నువ్వు నాకు తమ్మునివిరా అన్నడు. ఎట్లనే అన్నా అంటే, లెక్క తియ్యంగ వచ్చింది అన్నడు. ఏం లెక్కనో ఇంతదాక చెప్పలే."

మొగడు పోయినదానికి ఎదురుకోళ్ళు చెయ్యద్దంటరు. కుక్కకు చెయ్యద్దని ఎవలు అనలే, ఎవలకు ఆ సోయి రాలే గనుక. ఆ సందు చూసుకొని మా పెద్దబాపు నన్ను పట్టపగలు, ఊరు చూస్తుండంగ, పెద్ద దర్వాజలకెల్లి ఇంట్లకు తెచ్చుకున్నడు. ముందు గులాబి జాగిర్దారు, పక్కన గులాబి సింగల్, ఎనుక నేను.

అంగడి నాడు చాంద్‌పాషా పెద్దపల్లి పోయిండు. పోతపోత మా వాకిట్ల సైకిలు ఆపి, గంట కొట్టి, "లస్మక్కా, కుక్క?" అన్నడు.

"ఏం కుక్క?" అన్నది లస్మవ్వ. "నీ పని చూసుకో పో."

రెండు గిన్నెలు, ఒకటి ఆ మూలకు, ఒకటి ఈ మూలకు పెట్టి, ఒక్కసారే బువ్వ పోస్తుండె ఆమెనే. "వియ్యంకులకు ముందెనుక పెడితే మాటొస్తది" అంటుండె. రోజులు పోయినకొద్ది గిన్నెలు దగ్గరికి జరిగినయి. జాగిర్దారు గోనెపట్ట మీద ఒక అంచు ఖాళీ ఉంచుడు మొదలుపెట్టింది. సింగల్ ఆ అంచు మీద సగం ఒళ్ళు, నేల మీద సగం ఒళ్ళు పెట్టి పండేది. మధ్యాహ్నం ఎండల రెండింటి కడుపులు ఒక్క తీరుగ లేసుకుంట పడుకుంట ఉంటుండె. నేను బియ్యం ఏరుకుంట అవే చూస్తుంటి. ఆ కడుపుల ఎంబడే నా ఊపిరి గూడ మెల్లగ నడిచేది.

ఓ నాడు నేను పెరడుకెల్లి వస్తుంటే వంటింట్ల లస్మవ్వ గొంతు ఇనబడ్డది. తొంగి చూసిన. సింగల్ కడప మీద నిలబడి పొయ్యి దిక్కు చూస్తుండె. లస్మవ్వ కొంగు నెత్తి మీదికి గుంజుకొని, తలుపు చాటుకు జరిగి, వియ్యంకునితోని నేరుగ మాట్లాడద్దు గనుక, మూలకున్న జాగిర్దారుకు చెప్తుండె.

"ఏమయ్యా, ఆయనకు చెప్పు. పాలింక కాగలేవు. జరసేపు అరుగు మీద కూసొమ్మను."

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్న, ఆగలే. కొంగు నోట్ల కుక్కుకున్న, అయినా ఆగలే. అరుగు మీదికెల్లి పెద్దబాపు, "ఎవలే లస్మీ, లోపల నవ్వేది?" అని ఒర్రిండు.

లస్మవ్వ తలుపు చాటుకెల్లనే జవాబిచ్చింది.

"ఇంకెవలు, వియ్యంకుని కోడలు."